పార్లమెంటు చర్చ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మంత్రి ప్రసంగం, మంత్రి జవాబు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. ప్రభుత్వం ఒక సంస్థలో తన వాటా అమ్మితే ఏ లోటు తగ్గుతుంది, రెవెన్యూ లోటా (మామూలు రాబడికి మించిన మామూలు ఖర్చు), ద్రవ్యలోటా (ఆ ఏడాది ఖర్చులకు చేయాల్సిన మొత్తం అప్పు)? ద్రవ్యలోటే. వాటా అమ్మితే వచ్చేది అప్పు కాదు, కాబట్టి ఆ మేరకు కొత్త అప్పు అవసరం తగ్గుతుంది. రెవెన్యూ లోటు మాత్రం అలాగే ఉంటుంది. అరెకరం అమ్మి ఈ ఏడు గట్టెక్కిన ఇల్లు ఉందనుకోండి. ఈ ఏడు అప్పు చేయక్కర్లేదు, నిజమే. కానీ నెల జీతానికీ నెల ఖర్చుకూ మధ్య ఉన్న తేడా ఎక్కడికీ పోలేదు. ఈ రెండు లోటుల సంగతి మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఈసారి నేర్చుకునేది చిన్న పని. బడ్జెట్ మీద మంత్రి మొదట చేసిన ప్రసంగాన్ని, చర్చ ముగిశాక ఆయనే ఇచ్చిన జవాబును పక్కపక్కన పెట్టి చదవడం. బడ్జెట్ ప్రసంగం అందరూ చదువుతారు, పేపర్లు పేజీలకు పేజీలు వేస్తాయి. జవాబును ఎవరూ పట్టించుకోరు. నా అనుభవంలో మాత్రం సభ ఏం సాధించిందో తెలిసేది జవాబులోనే. మొదటి ప్రసంగం మంత్రిత్వ శాఖ గదుల్లో తయారై వస్తుంది. జవాబు సభ్యుల మాటల తాకిడి తిన్నాక వస్తుంది.

ఉదాహరణకు 1991 తీసుకుందాం. వాణిజ్యం, ప్రభుత్వ ఖజానా ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో ఇంత స్పష్టంగా కనిపించిన ఏడాది మన దగ్గర ఇంకొకటి లేదు. ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్, వాణిజ్య మంత్రి పి. చిదంబరం. ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మెజారిటీ లేని ప్రభుత్వం సభ మాట వినే తీరు వేరుగా ఉంటుంది.

జూలై 24 సాయంత్రం. అప్పట్లో బడ్జెట్ సాయంత్రం ఐదింటికి పెట్టేవారు. మన్మోహన్ సింగ్ అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. అస్సాం నుంచి రాజ్యసభకు వచ్చింది అక్టోబరులో. మరి లోక్‌సభలో ఎలా మాట్లాడారు? రాజ్యాంగంలోని 88వ అధికరణం ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడవచ్చు, తను సభ్యుడు కాని సభలో ఓటు మాత్రం వేయకూడదు. పి.వి. కూడా అప్పటికి ఎంపీ కాదు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. ప్రధానీ ఆర్థిక మంత్రీ ఇద్దరికీ ఓటు లేని సభ ముందుకు ఆ బడ్జెట్ వచ్చింది.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ప్రసంగంలో చెప్పింది, రెండో గడిలో సభ్యులు అడిగింది, మూడో గడిలో జవాబులో వచ్చింది. కుడి అంచున సన్నగా ఇంకో గీత గీసి అక్కడ 'ఎవరు కడతారు?' అని రాసుకోండి. నేను ఏ చర్చ చదివినా ఇలాగే చదువుతాను. కంప్యూటర్ మీద కన్నా కాగితం మీద బాగా కుదురుతుంది.

మొదటి గడి నింపుదాం. ప్రసంగం మొదట్లో దేశం ఉన్న స్థితి చెప్పారు. విదేశీ మారకం నిల్వలు దాదాపు 2,500 కోట్ల రూపాయలు, అంటే పదిహేను రోజుల దిగుమతులకు మాత్రమే సరిపోతాయి. కేంద్రం ద్రవ్యలోటు 1990-91లో జీడీపీలో 8 శాతం దాటింది, దాన్ని 6.5 శాతానికి తెస్తామన్నారు. ఇవి పెద్ద అంకెలు. ఇలాంటివి రాసుకోండి కానీ వాటి దగ్గరే ఆగిపోవద్దు. కొత్తగా చదివేవాళ్లు చేసే పొరపాటు ఇదే, పెద్ద అంకె చూడగానే విషయం అర్థమైపోయిందనుకుంటారు. అదే ప్రసంగంలో మనిషి చేతికి తగిలే అంకె కోసం వెతకాలి. ఇక్కడ ఆ అంకె ఎరువుల మీద ఉంది: ఎరువుల ధరలు సగటున 40 శాతం పెంపు.

శాతం కనబడితే వెంటనే అడగాల్సిన ప్రశ్న, దేని మీద? అప్పటికి యూరియా ధర టన్నుకు 2,350 రూపాయలు. జూలై 25 నుంచి 3,300 అయింది. టన్నుకు ఇరవై బస్తాలు, యాభై కిలోల చొప్పున. అంటే బస్తా 117 రూపాయల 50 పైసల నుంచి 165 రూపాయలకు వెళ్లింది. రైతుకు శాతాలతో పనిలేదు, బస్తా రేటే ఆయనకు లెక్క. కాబట్టి మీ కాగితం మీద 40 శాతం పక్కన 'బస్తాకు 47 రూపాయల 50 పైసలు' అని రాయండి. ఈ పాఠం రాసే ముందు మా ఇంట్లో పెద్దవాళ్లను అడిగాను. ఏ సంవత్సరమో వాళ్లు చెప్పలేకపోయారు. నాట్ల మధ్యలో యూరియా రేటు పెరిగిన సంగతి మాత్రం వాళ్లకు బాగా గుర్తుంది.

రెండో గడి. బడ్జెట్ మీద సాధారణ చర్చలో ఓటింగ్ ఉండదు, తీర్మానమూ ఉండదు. అందుకని ఆ చర్చను ఉత్తి ఉపన్యాసాల వరసగా తీసేయకండి. తర్వాత పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ అడిగే ఖర్చు మీద ఓటింగ్ వస్తుంది, ఆ ఖర్చు తగ్గించాలనే కోత తీర్మానాలు వస్తాయి, పన్నుల ప్రతిపాదనలుండే ఆర్థిక బిల్లు వస్తుంది. అక్కడ ఓడితే ప్రభుత్వం పోతుంది. ఎవరు ఎటు ఉంటారో సాధారణ చర్చలోనే తేలిపోతుంది. ఈ పెంపును ప్రతిపక్షంతో పాటు పాలకపక్ష ఎంపీలు కూడా వ్యతిరేకించారు. పల్లెల నుంచి వచ్చిన సభ్యుడికి ఖరీఫ్ మధ్యలో ఎరువు ధర పెంచి ఊరికి వెళ్లడం అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

చర్చ రికార్డు చదివేటప్పుడు ఒక సంగతి. ఆ కాలపు ఇంగ్లిష్ సంపుటాల్లో ప్రసంగం మొదట 'అనువాదం' అని ఉంటే సభ్యుడు హిందీలో మాట్లాడారని అర్థం. తెలుగులో మాట్లాడితే పేరు దగ్గర నక్షత్రం గుర్తు (*) పెట్టి, పేజీ అడుగున 'తెలుగులో చేసిన ప్రసంగానికి అనువాదం' అని వేస్తారు. ఆ గుర్తు కనబడినప్పుడల్లా నేను ఆగి చదువుతాను. అనువాదంలో సామెతలూ పలుకుబడీ పోతాయి, అయినా ఏ మాట మీద ఎంత నొక్కారో వాక్యాల తీరులో తెలిసిపోతుంది. 'అంతరాయం' అని ఉన్న చోట్లు కూడా గుర్తు పెట్టుకోండి. మంత్రి ఏ అంకె చదువుతున్నప్పుడు సభ లేచిందో అదే చెబుతుంది.

ఇక మూడో గడి. ఆగస్టు 6న మన్మోహన్ సింగ్ చర్చకు జవాబిచ్చారు. పెంపు 40 నుంచి 30 శాతానికి తగ్గింది. చిన్న, సన్నకారు రైతులకు అసలు పెంపే ఉండదన్నారు. జూలై 24 ప్రసంగంలో లేనిది, ఆగస్టు 6 జవాబులో ఉన్నది ఇదే. సభ సాధించింది ఇదే. మొదటి గడికీ మూడో గడికీ మధ్య తేడా మీద ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టండి.

ఇక్కడితో ఆపేస్తే సగమే చదివినట్టు. కొత్త ధర ఆగస్టు 14న అమల్లోకి వచ్చింది: టన్ను 3,060, బస్తా 153. మరి జూలై 25 నుంచి ఆగస్టు 13 దాకా, సరిగ్గా ఇరవై రోజులు, బస్తా 165. మన దగ్గర కాలవల కింద నాట్లు పడే రోజులవి. ఆ రోజుల్లో కొన్న పెద్ద రైతు తర్వాతి ధర కన్నా బస్తాకు 12 రూపాయలు ఎక్కువ పెట్టాడు. చిన్న రైతు అయితే, తనకు మినహాయింపు దక్కిన ధర కన్నా 47 రూపాయల 50 పైసలు ఎక్కువ పెట్టాడు. జవాబు వచ్చిన తేదీ, అది అమలైన తేదీ వేర్వేరు అని ఎప్పుడూ రాసుకోవాలి. ఆ రెంటి మధ్య పైరు ఆగదు.

మినహాయింపు దగ్గర ఇంకో ప్రశ్న రాసుకోండి. ఎరువుల కొట్టు దగ్గర ఎవరు చిన్న రైతో ఎవరు చెబుతారు? చిన్న రైతు అంటే రెండు హెక్టార్ల లోపు, అంటే అయిదెకరాల లోపు భూమి ఉన్నవాడు, సన్నకారు అంటే ఒక హెక్టారు లోపు. భూమి కాగితం ఒకరి పేరున, సాగు ఇంకొకరిది అయిన చోట కౌలు రైతు సంగతేమిటి? ఒకే కొట్టులో ఒకే బస్తాకు రెండు ధరలు ఉంటే ఏం జరుగుతుంది? మంత్రి ఏదైనా మినహాయింపు ప్రకటించినప్పుడు, దాన్ని అమలు చేసేది ఎవరు అని జవాబులో వెతకడం అలవాటు చేసుకోవాలి. ఇక్కడ ఆ బరువు రాష్ట్రాల మీద పడింది.

ఇప్పుడు కుడి అంచున ఉన్న గడి, 'ఎవరు కడతారు?'. ఈ పాఠంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే, నిదానంగా చదవండి. దీనికి వాణిజ్యం వైపు వెళ్లాలి. బడ్జెట్‌కు మూడు వారాల ముందే, జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి వచ్చింది. 4వ తేదీన చిదంబరం కొత్త వాణిజ్య విధానం ప్రకటించి, ఎగుమతిదారులకు ఇచ్చే నగదు రాయితీని రద్దు చేశారు. వెయ్యి డాలర్ల సరుకు పంపినవాడికి ఇదివరకు 21,000 వస్తే ఇప్పుడు దాదాపు 26,000 వస్తుంది కాబట్టి, ఖజానా నుంచి విడిగా ఇవ్వక్కర్లేదన్నది వాదన. ఖజానాకు అక్కడ మిగులు.

అదే డాలరును ఎరువుల వైపు తిప్పి చూడండి. పొటాష్ మొత్తం దిగుమతే. భాస్వరం ఎరువు డీఏపీలోనూ, దాని ముడిసరుకులోనూ పెద్ద భాగం బయటి నుంచే. డాలరు అయిదు రూపాయలు పెరిగితే ఎరువుల దిగుమతి ఖర్చు రూపాయల్లో ఆ మేరకు పెరుగుతుంది. రైతుకు అమ్మే ధర అంత పెంచకపోతే ఆ తేడా సబ్సిడీగా ఖజానా మీదే పడుతుంది. ఎగుమతుల దగ్గర మిగిలిన డబ్బుకు దిగుమతుల దగ్గర చిల్లు పడింది. పెంపు వచ్చిన ఏడాదే ఎరువుల సబ్సిడీ తగ్గకపోగా, సుమారు 4,400 కోట్ల నుంచి 5,200 కోట్ల దగ్గరికి పెరగడానికి ఇదొక కారణం, సభలో తగ్గించిన పది శాతం ఇంకో కారణం. వాణిజ్య మంత్రి ప్రకటననూ ఆర్థిక మంత్రి ప్రసంగాన్నీ వేరువేరు కాగితాల మీద రాసుకుంటే ఈ ముడి కనబడదు. అందుకే ఒకే కాగితం అంటున్నాను.

సబ్సిడీ పెరిగినా ఆ ఏడాది ద్రవ్యలోటు 6 శాతం లోపుకు దిగింది. ఎలా? మొదట్లో చెప్పిన అరెకరం గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వ సంస్థల్లో వాటాలు అమ్మి 3,000 కోట్లకు పైగా తెచ్చారు, అనుకున్నది 2,500 కోట్లే. ఆస్తులు కూడబెట్టే ఖర్చుల్లోనూ కోత పడింది. మంత్రి లోటు లక్ష్యం అందుకున్నామని చెప్పినప్పుడు, ఏ చేత్తో అందుకున్నారో మీరే తేల్చుకోవాలి. ఆ మాట జవాబులో చాలాసార్లు ఉండదు, బడ్జెట్ పత్రాల పట్టికల్లో ఉంటుంది.

నాకు మన్మోహన్ సింగ్ ఆ జవాబు అంటే గౌరవం. పదిహేను రోజుల దిగుమతులకు డబ్బున్న దేశంలో, తను నమ్మిన అంకెను సభ కోసం మార్చుకోవడం బలహీనత అని అప్పుడు రాసినవాళ్లున్నారు. నేనలా అనుకోను. ప్రజలు పంపిన సభ్యులు కాదన్నదాన్ని వినడం సభలో మంత్రి పనిలో భాగమే. అయితే ఆ మార్పు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో అప్పుడే, అక్కడే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. వినడమూ లెక్క చెప్పడమూ రెండూ జవాబుకు అవసరమే. మీరు చదివే ప్రతి జవాబులోనూ ఈ రెంటినీ విడివిడిగా చూడండి.

ఈ వారం అభ్యాసం. డీఏపీ పాత ధర టన్నుకు 3,600 రూపాయలు. 40 శాతం పెంపుతో బస్తా ఎంత, 30 శాతంతో ఎంత, ఆ ఇరవై రోజుల్లో నాలుగు బస్తాలు కొన్న పెద్ద రైతు తర్వాతి ధర కన్నా ఎంత ఎక్కువ పెట్టాడు? రెండోది, అదే బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం గరిష్ఠంగా 150 శాతం దాటకూడదన్నారు. అంతకుముందు కొన్ని సరుకుల మీద 300 శాతం పైన ఉండేది. వంద రూపాయల సరుకు 300 శాతం సుంకంతో ఎంత పడుతుంది, 150 శాతంతో ఎంత? ఇందులో ఖజానాకు ఎంత తగ్గుతుంది, ఏం జరిగితే ఖజానాకు నష్టం రాకుండా ఉంటుంది? మూడోది కొంచెం వెతకాల్సిన పని. జూలై 24 ప్రసంగంలో రాజీవ్ గాంధీ ఫౌండేషన్‌కు అయిదేళ్లలో 100 కోట్లు ఇస్తామన్న మాట ఉంది. సభలో గొడవయ్యాక ప్రభుత్వం దాన్ని వదులుకుంది. పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఆ రోజుల చర్చలు తెరిచి, మూడు గళ్లూ నింపండి.

వచ్చే పాఠంలో ఇదే బస్తాను ఇంకొంచెం దూరం వెంబడిద్దాం. ఎరువుల ధరల మీద సంయుక్త పార్లమెంటరీ కమిటీ వేశారు. 1992 ఆగస్టులో దాని నివేదిక రావడం, అదే నెల 25 నుంచి పొటాష్, ఫాస్ఫేట్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేయడం, యూరియా మాత్రం టన్ను 2,760కి తగ్గడం అన్నీ వారం రోజుల లోపే జరిగాయి. కమిటీ నివేదికను ఎక్కడ నుంచి చదవడం మొదలుపెట్టాలో అప్పుడు చూద్దాం. మీ మూడు గళ్ల కాగితం మాత్రం పారేయకండి.