బెంగళూరులో ఇంటి పచ్చళ్ల వ్యాపారానికి నమ్మకమైన పేరు తెచ్చుకోవడం ఎలా?

మారతహళ్లి, కె.ఆర్.పురం, బెళ్లందూరు వైపు ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూసినా ఆవకాయ, గోంగూర, కందిపొడి అమ్మే తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. అందరి పోస్టర్ల మీదా "అమ్మమ్మ చేతి రుచి" అనే ఉంటుంది. మొదటి సీసా ఆ మాట చూసో, పక్క ఫ్లాట్ వాళ్లు చెప్పారనో కొంటారు. రెండోది, మొదటిది నచ్చితే. మూడోది మాత్రం ఆ రెండూ ఒకేలా ఉంటేనే. కాబట్టి లోగో సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కాటా కొనండి.

1. గ్లాసు కొలత మానేసి గ్రాముల్లోకి మారండి

రుచి మారిందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం కొలతే. కళ్లుప్పు గ్లాసులో పోస్తే గడ్డల మధ్య ఖాళీ ఉంటుంది, మెత్తటి ఉప్పు అయితే ఖాళీ లేకుండా కూరుకుంటుంది. గ్లాసు అదే, బరువు మాత్రం వేరు. ఒకసారి కళ్లుప్పు, ఇంకోసారి ప్యాకెట్ ఉప్పు వాడితే ఒక సీసా చప్పగా, ఇంకోటి ఉప్పు కషాయంలా తయారవుతుంది. కారమూ అంతే, అదిమి కొలిస్తే ఒకటి, వదులుగా కొలిస్తే ఇంకొకటి.

తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు కిలోకి ఆవపిండి 150, కారం 150, ఉప్పు 130 గ్రాములు, నువ్వుల నూనె 300 మిల్లీలీటర్లు అనుకుందాం. మీ ఇంటి లెక్క వేరే ఉండొచ్చు, అది గ్రాముల్లో రాసి ఉండటం ముఖ్యం. నూనెను కూడా కాటా మీదే తూచేట్టయితే 300 మిల్లీలీటర్లంటే దాదాపు 275 గ్రాములని గుర్తుంచుకోండి, నూనె నీళ్ల కంటే తేలిక. మూడోరోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు చాలక కొంచెం వేస్తే, ఎంత వేశారో అదీ రాయండి. సీసా నింపి అమ్మకానికి తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర తప్పనిసరి. వంటింటి కాటా దానికి పనికిరాదు.

ఇక మిర్చి. గుంటూరు యార్డుకు కొత్త పంట జనవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా వస్తుంది. ఆ తర్వాత దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు. ప్రతిసారీ దొరికిన చోట కారం ప్యాకెట్ కొంటే రంగూ ఘాటూ ఒకలా ఉండవు. ఏడాదికి సరిపడా ఎండుమిర్చి సీజన్లోనే ఒక్కచోట కొని, తడి తగలకుండా పెట్టి, కావలసినప్పుడు కొంచెం కొంచెం పట్టించుకోండి. సరుకు మార్చక తప్పకపోతే ముందు కిలో మాత్రమే కలిపి పాత సీసాతో పోల్చి చూడండి.

2. ప్రతి కలుపుకీ ఒక నంబరు, ఒక సీసా దాచిపెట్టడం

ఒక్కసారి కలిపిన పచ్చడంతా ఒక బ్యాచ్. మే 12న కలిపిన మొదటి ఆవకాయకు "ఆ-1205-1" అనుకోండి. నోటు పుస్తకంలో ఒక్కో బ్యాచ్‌కీ ఒక పేజీ కేటాయించండి: ఏ సరుకు ఎక్కడ కొన్నారు, బిల్లు నంబరు, తూకాలు, ఎన్ని సీసాలయ్యాయి, ఎవరెవరికి వెళ్లాయి. ఇదే నంబరు సీసా మీద కూడా ఉండాలి.

ఆ బ్యాచ్‌లో ఒక సీసాను సీలు తీయకుండా గడువు తేదీ వరకు మీ దగ్గరే ఉంచండి. "బూజు పట్టింది" అని ఎవరైనా ఫోటో పంపితే దాన్ని తెరవండి. అది బాగుంటే, కారిన మూతో, దారిలో తగిలిన దెబ్బో, తడి చెంచానో కారణం కావచ్చు. అదీ పాడైతే తప్పు మీ వంటింట్లోనే జరిగింది, ఆ పేజీలో ఉన్న అందరికీ ఆరోజే ఫోన్ చేయాలి. అడగకముందే మీరు ఫోన్ చేసి "ఆ సీసా వాడకండి, డబ్బు వెనక్కి వేస్తున్నాం" అంటే ఆ కస్టమరు మిమ్మల్ని వదిలిపోవడం అరుదు.

గడువు తేదీ కూడా ఊహ మీద వేయకూడదు. అందరూ ఆరు నెలలు వేస్తున్నారని మనమూ వేయడం తప్పు. నెలకొక సీసా చొప్పున తెరిచి వాసన, రంగు, పులుపు రాసుకోండి, దాంతోపాటు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మైసూరులో కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉండటం బెంగళూరు వాళ్లకు కలిసొచ్చే విషయం.

3. లేబుల్ మీద రుజువు చేయగలిగిన మాటే రాయండి

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు సీసా మీదా, బిల్లు మీదా కనిపించాలి. దాంతోపాటు పదార్థం పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు దినుసుల జాబితా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, చిరునామా, ఫోన్ నంబరు, శాకాహారమైతే పచ్చ చుక్క. ఆవాలకూ నువ్వుల నూనెకూ అలర్జీ ఉన్నవాళ్లు ఉంటారు, ఆ రెండూ స్పష్టంగా కనపడాలి. ఈ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు, కన్నడ అదనంగా వేసుకోవచ్చు. తెలుగొక్కటే వేస్తే చెల్లదు.

ఎక్కువమంది పరువు పోగొట్టుకునేది వర్ణనల దగ్గర. పిండి మరలో పట్టించి "రోట్లో దంచినది" అని రాస్తే, పొడి ఎంత మెత్తగా నలిగిందో చూసే ఇల్లాలు ఒక్క చిటికెతో పట్టేస్తుంది. "గుంటూరు మిర్చి" అని రాస్తే ఆ బిల్లు మీ ఫైల్లో ఉండాలి. "నేచురల్", "ప్యూర్", "ట్రెడిషనల్" లాంటి మాటలు ఎప్పుడు వాడవచ్చో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో చెప్పింది. అలాంటి మాట బ్రాండ్ పేరులోనే ఉండి కొనేవాళ్లు పొరబడే అవకాశం ఉంటే, అది కేవలం బ్రాండ్ పేరేనని లేబుల్ మీద విడిగా ప్రకటించాలి. ఆ తలనొప్పి లేని పేరు పెట్టుకోవడమే సుఖం. పచ్చడి చెడకుండా సోడియం బెంజోయేట్ వేస్తే వేశామని రాయండి. రాసి అమ్మేవాళ్లను జనం క్షమిస్తారు, దాచి దొరికినవాళ్లను కాదు.

4. ప్రింటింగ్: ఒత్తులు, రంగు, నూనె

చిక్కపేట, అవెన్యూ రోడ్ల చుట్టుపక్కల స్టిక్కర్లు వేసే ప్రెస్సులకు కొదవ లేదు. అయితే తెలుగు యూనికోడ్ అక్షరాలను పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. "పచ్చళ్లు" కాస్తా "పచ్‌చళ్‌లు" అయి కూర్చుంటుంది. కన్నడ చదివే డిజైనరు తెలుగు అక్షరాలు పోల్చుకోగలడు గానీ ఒత్తు ఊడితే గమనించడు. అక్షరాలను కర్వ్స్‌గా మార్చిన (అంటే గీతల బొమ్మగా చేసిన) పీడీఎఫ్ అడగండి. వెయ్యి స్టిక్కర్లకు ముందు అసలు సైజులో ఒక కాగితం ప్రూఫ్ (నమూనా ప్రతి) తీయించి, రోజూ తెలుగు చదివేవాళ్ల చేత అక్షరం అక్షరం చదివించండి.

ఫోన్‌లో ధగధగలాడే ఎరుపు అచ్చులో ఇటుక రంగులోకి దిగుతుంది. తెర రంగులు, సిరా రంగులు వేరే పద్ధతిలో కలుస్తాయి కాబట్టి ఇది మామూలే. నచ్చిన ప్రూఫ్‌లోని సీఎంవైకే అంకెలు (నాలుగు సిరాల పాళ్లు) రాయించుకుని, మొదటి స్టిక్కర్ ఒకటి దాచి, తర్వాతి ఆర్డర్ వచ్చినప్పుడు పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం స్టిక్కర్ నూనె పీల్చుకుని మచ్చ పడుతుంది, ప్లాస్టిక్ ఫిల్మ్ మీద లామినేషన్ చేసినది అడగండి. తేదీలు జెల్ పెన్నుతో రాస్తే నూనె చేతికి చెరిగిపోతాయి. పర్మనెంట్ మార్కరో, త్వరగా ఆరే సిరా ముద్రో వాడండి.

కొట్టు తెరిచి బోర్డు పెడితే కర్ణాటక చట్టానికి 2024లో వచ్చిన సవరణ ప్రకారం అందులో 60 శాతం కన్నడ ఉండాలి. కన్నడ ఇరుగుపొరుగు కూడా మీ కస్టమర్లే కాబట్టి లేబుల్ మీద పేరు కన్నడలోనూ వేస్తే మంచిదే.

5. అన్నిచోట్లా ఒకటే పేరు

సీసా మీద ఒక పేరు, వాట్సాప్ బిజినెస్‌లో ఇంకో పేరు, యూపీఐ స్కాన్ చేస్తే ఎవరిదో వ్యక్తి పేరు. కొత్త కస్టమరు చెయ్యి ఆగిపోయేది సరిగ్గా ఆ చివరి తెర దగ్గరే. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బు అడిగేవాళ్లు మధ్యవర్తులే. దాన్నీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పత్రాన్నీ బ్యాంకులో చూపించి వ్యాపారం పేరిట కరెంట్ ఖాతా అడగండి. అప్పటిదాకా "చెల్లించేటప్పుడు ఫలానా పేరు కనిపిస్తుంది, అది మాదే" అని ఆర్డర్ మెసేజ్‌లోనే ముందుగా చెప్పండి.

స్టిక్కర్లు కొట్టించే ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో పచ్చళ్లు 29వ తరగతి, మసాలా పొడులు 30వ తరగతి కిందికి వస్తాయి. రెండూ అమ్మితే రెండింటిలోనూ చూడాలి. కర్ణాటక దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోవి. దరఖాస్తు చేశాక "టీఎం" వేసుకోవచ్చు గానీ, రిజిస్ట్రేషన్ రాకముందే వృత్తంలో "ఆర్" గుర్తు వేయడం నేరం.

6. పార్సెల్

సీసాలో పైన సెంటీమీటరు ఖాళీ వదలండి, వేడికి నూనె ఉబ్బుతుంది. మూత బిగించి టేపు చుట్టి, రాత్రంతా కాగితం మీద తలకిందులుగా ఉంచండి. తెల్లారి కాగితం మీద నూనె మరక లేకపోతేనే జిప్ కవర్లో పెట్టి పంపండి. ఆలస్యమైతే కస్టమరు అడగకముందే చెప్పండి.

7. ఫిర్యాదు, రివ్యూ

మొదటి జవాబులోనే "తడి చెంచా పెట్టారా అండీ?" అని అడగకండి. కారణం అదే కావచ్చు, కానీ వినేవాళ్లకు అది నింద. ఇలా రాయండి: "ఇబ్బంది పడినందుకు క్షమించండి. సీసా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, ఒక ఫోటో పంపండి. రేపు సాయంత్రంలోగా మా దగ్గరున్న సీసా చూసి చెబుతాం." చెప్పిన గడువులోగా చెప్పండి. కారణం తేలకపోయినా ఒక సీసా మార్చి ఇవ్వడం వాదన కంటే చవక. అయితే ఒకే ఇంటి నుంచి పదేపదే వస్తే, మర్యాదగా డబ్బు తిరిగి ఇచ్చి అక్కడితో ఆపేయండి.

గూగుల్‌లో చుట్టాల చేత ఐదు నక్షత్రాలు వేయించకండి. ఒకే వారంలో పడిన పది పొగడ్తలు చూడగానే తెలిసిపోతాయి. రెండోసారి కొన్నవాళ్లను మాత్రమే, అదీ బహుమతి ఆశ చూపకుండా, రివ్యూ అడగండి. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా రెండు నక్షత్రాలు ఇస్తే, ఏ బ్యాచ్, ఎన్ని గ్రాములు తగ్గించారు అన్నది కింద జవాబుగా రాసి ఉంచండి.