తెల్లపొగకు నాజిళ్లన్నీ మార్చక్కర్లేదు

చలికాలం పొద్దున్నే ట్రాక్టర్ తెల్లపొగ వదలడం మామూలే, చల్లటి సిలిండర్లో డీజిల్ తుంపర సరిగా మండదు. ఇంజన్ వేడెక్కినా ఆగకపోతే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొన, అంటే నాజిల్‌ని అనుమానించాలి. బండి ఆపి ఇంజన్ స్లోలో తిరుగుతుండగా, గుడ్డ కప్పి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు అర చుట్టు వదిలి మళ్లీ బిగించండి. ఏది వదిలితే శబ్దం మారకుండా పొగ తగ్గుతుందో, తేడా అక్కడే. అదొక్కటే విప్పి విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ డీజిల్ పంపులు బాగుచేసే షాపుకి ఇచ్చి ప్రెషర్ చూపించండి. పొగమంచులా చిమ్మాలి, కొనన చుక్క నిలవకూడదు. చిమ్మడం బాగుండి ప్రెషర్ మాత్రమే తగ్గితే స్ప్రింగు దగ్గర వేసే పల్చటి వాషర్, అంటే షిమ్‌తో సరిపోతుంది, కొత్త నాజిల్ దండగ. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయాలి. అన్నీ బాగుంటే పంపు టైమింగ్, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూపించండి.

అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హైప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే కామన్ రైల్ బండికి మాత్రం ఆ నట్టు ముట్టుకోవద్దు. 1000 బార్లు దాటే ప్రెషర్‌లో డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.