ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసేటప్పుడు ఏ అంకె మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

మా వీధిలో టెన్త్ చదివే పిల్లాడు మొన్న సాయంత్రం నోట్సు పట్టుకొచ్చాడండి, గ్యాస్ బండలో ఉండే బ్యూటేన్ మండే ఈక్వేషన్ అది. బాణానికి రెండుపక్కలా ఏ పరమాణువుల లెక్క ఆ పరమాణువులకి సమానంగా ఉండాలి, బ్యాలెన్స్ చెయ్యడమంటే అదే. కుడిపక్క ఆక్సిజన్లు 13 తేలాయి, ఎడమపక్క ఓ₂లో రెండే ఉన్నాయి, దాంతో ఆ కిందున్న 2 కొట్టేసి 13 రాసేశాడు. లెక్క సరిపోయింది గానీ ఓ₁₃ అనేది లేదు కదా, మనం పీల్చే ఆక్సిజన్ ఓ₂గానే ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఇదే, అందుకే ముందు చెప్తున్నా. ఫార్ములాలో కిందుండే చిన్న అంకె ముట్టుకోవద్దు. రావులపాలెంలో అరటిగెలలు లారీకి ఎత్తడం చూసే ఉంటారు, లెక్క తగ్గితే ఇంకో గెల ఎక్కిస్తారు అంతేగానీ ఉన్న గెలకే ఇంకో హస్తం అతికించరు. కింద అంకె గెలలోని హస్తాలు, ముందు రాసే అంకె గెలల లెక్క, మన చేతిలో ఉన్నది గెలల లెక్క ఒక్కటే. హెచ్₂ఓ అంటే నీళ్లు, దానికి కింద ఇంకో 2 తగిలిస్తే హెచ్₂ఓ₂, అది హైడ్రోజన్ పెరాక్సైడ్, పుండ్లు కడిగే మందు.

ఇప్పుడు ఆ బ్యూటేన్ చూద్దాం.

సీ₄హెచ్₁₀ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

ఆక్సిజన్‌ని ఆఖర్న పట్టుకోండి, కుడిపక్క అది రెండిట్లోనూ ఉంది కాబట్టి ముందే సరిచేసినా మళ్లీ చెడిపోతుంది. కార్బన్లు 4, సీఓ₂ ముందు 4 పెట్టాం. హైడ్రోజన్లు 10, నీళ్లలో రెండేసి కాబట్టి ముందు 5. ఇప్పుడు కుడిపక్క ఆక్సిజన్లు 8, 5 కలిపి 13, ఓ₂ ఏమో జంటగానే వస్తుంది, అంటే ఆరున్నర కావాలి. ఇక్కడే పిల్లలు బెదిరిపోయి మొత్తం చెరిపేసి మళ్లీ మొదలెడతారు, అక్కర్లేదు, ఆరున్నర పెట్టేసి అన్నిటినీ రెండుతో గుణించెయ్యండి.

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

అటు ఆక్సిజన్లు 26, ఇటు 16, 10 కలిపి 26. పిల్లాడు రాసిన 13 కావాల్సిందే, కాకపోతే దాని చోటు ఓ₂ ముందు.

బ్రాకెట్లు ఉన్నవి చూసి ఇంకా కంగారు పడతారు, నిజానికి అవే తేలిక. వరదల్లో గోదావరి ఎర్రబడితే కాలవనీళ్లు తేర్చడానికి ఆలం, అంటే అల్యూమినియం సల్ఫేట్ వేస్తారు కదా, దానికి సున్నం తోడైతే ఇలా:

ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + సీఏ(ఓహెచ్)₂ → ఏఎల్(ఓహెచ్)₃ + సీఏఎస్ఓ₄

ఎస్ఓ₄ని విడగొట్టి సల్ఫర్ ఎన్ని, ఆక్సిజన్ ఎన్ని అని లెక్కపెట్టకండి, రెండుపక్కలా చెక్కుచెదరకుండా ఉంది, ఒకే మూట అనుకోండి. ఓహెచ్ కూడా అంతే. అల్యూమినియం 2 ఉన్నాయి, ఏఎల్(ఓహెచ్)₃ ముందు 2. ఎస్ఓ₄ మూటలు 3, సీఏఎస్ఓ₄ ముందు 3. కాల్షియం 3 అయ్యింది కాబట్టి సున్నం ముందు కూడా 3. ఓహెచ్ అటు 6, ఇటు 6, అయిపోయింది. ఆ 2ఏఎల్(ఓహెచ్)₃ ఉందే, అదే బంకలా మట్టిని పట్టుకుని అడుక్కి దిగేది, బిందెలో పటిక తిప్పినప్పుడు మనం చూసేదీ దాన్నే.

ఇంకోటి, ఏదో ఒక అంకె పెట్టి తీరాలని లేదు. గోడకేసిన సున్నం గాల్లో గట్టిపడేది ఇది:

సీఏ(ఓహెచ్)₂ + సీఓ₂ → సీఏసీఓ₃ + హెచ్₂ఓ

కాల్షియం 1, 1. కార్బన్ 1, 1. హైడ్రోజన్ 2, 2. ఆక్సిజన్ 4, 4. అలా వదిలెయ్యండి.