పంట కాపలా తుపాకి సంరక్షణ – మూడో పాఠం: మసి కాదు, ఉప్పు

మూతి నుంచి మందు దట్టించే పంట కాపలా తుపాకి ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవడం రెండో పాఠంలో నేర్చుకున్నాం. ఈరోజూ మొదలు అదే. ఖాళీ గొట్టంలోకి కడ్డీ దించి, మూతి అంచు దగ్గర కడ్డీ మీద గాటు పెట్టుకోమన్నాను కదా. ఇప్పుడు దించి చూడండి. గాటు మూతి అంచుకు సరిగ్గా వస్తే గొట్టం ఖాళీ. రెండు వేళ్లు పైనే ఆగిపోతే అడుగున మందో గుండో ఉన్నట్టే. అప్పుడు ఈ పాఠం మూసేయండి. నిపుల్ (గొట్టం అడుగున రంధ్రం ఉన్న చిన్న మొలక) మీది టోపీని, అంటే సుత్తి దెబ్బకు పేలి మందును అంటించేదాన్ని, తీసి, మూతి మనుషుల వైపు లేకుండా ఉంచి, లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారుకు కబురు చేయండి. దట్టించిన మందును కొత్తవాళ్లు సొంతంగా తవ్వకూడదు.

ఇక అసలు విషయం. తుపాకి మందులో నూటికి 75 పాళ్లు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. (దీన్ని కొందరు నల్లమందు అంటారు. మన వైపు నల్లమందు అంటే అభిని. లైసెన్సుదారుల నోట ఆ మాట రాకపోవడమే మంచిది.) ఇది మండాక బరువు లెక్కన సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో కలిసి పోతుంది, తక్కింది గొట్టానికి పడుతుంది. నల్లగా ఉంటుంది కనుక మసి అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు: కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్. అంటే ఉప్పే.

చౌడెక్కిన మట్టిగోడను చూడని వాళ్లు మన జిల్లాల్లో ఉండరు. వాన చుక్క పడకపోయినా ముసురు పట్టిన రోజున ఆ గోడ అడుగు చెమరుస్తుంది, నాలుగేళ్లకు పొరలు పొరలుగా రాలుతుంది. గొట్టం లోపల జరిగేదీ అదే. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, తేమ ఇనుమును తింటుంది. “అనంతపురంలో తేమ ఎక్కడిది, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే కదా” అని నిర్లక్ష్యం చేయకండి. మనం తుపాకి బయటికి తీసేదే వేరుశనగ కాయ ఊరే రోజుల్లో, సెప్టెంబరు, అక్టోబరులలో. ఆ తెల్లవారుజాముల్లో చెట్ల ఆకుల మీద మంచు చేతికి తగులుతుంది.

నేను చేసిన తప్పు చెబుతాను. కళ్యాణదుర్గం వైపు మాకున్న చేనులో పందులను బెదరగొట్టడానికి ఒక రాత్రి గుండు లేకుండా ఉత్త మందే రెండుసార్లు పేల్చాను. (గుండు పెట్టి పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. పంట కాపలా లైసెన్సు ఒక్కటే చాలదు.) ఇంటికి వచ్చి గుడ్డను కిరసనాయిలులో ముంచి గొట్టం తుడిచాను. గుడ్డ నల్లగా వచ్చింది, తృప్తి కలిగింది. పైన ఇంత వేరుశనగ నూనె రాసి మూలన పెట్టాను. పది రోజుల తర్వాత అదే గుడ్డ ఇటుకపొడి రంగులో వచ్చింది. ఉప్పు నూనెలో కరగదు, కిరసనాయిలులోనూ కరగదు. నీళ్లలో కరుగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు నాన్నగారి తుపాకి గొట్టంలో శాశ్వతంగా నిలిచిపోయిన నాలుగు గుంటలు ఖర్చయ్యాయి.

కాబట్టి నీళ్లు. అయితే ఏ నీళ్లు? మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. సబ్బు వేస్తే నురుగు రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, ఆ తెట్టు గొట్టంలోనే ఉండిపోతుంది. పట్టిపెట్టుకున్న వాననీళ్లు గానీ, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు గానీ అర బకెట్ చాలు. చెయ్యి పెడితే హాయిగా ఉండేంత గోరువెచ్చన చేసి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు వేయండి. సలసల కాగే నీళ్లు పోయాలని పాతవాళ్లు చెబుతారు. గొట్టం వేడెక్కి త్వరగా ఆరుతుందని వాళ్ల లెక్క. ఆరడం నిజమే, కానీ అంత వేడికి కళ్ల ముందే పల్చటి నారింజ రంగు తుప్పు పొర కట్టడం నేను చూశాను. గోరువెచ్చనే మేలు.

కర్ర (తుపాకి చెక్క భాగం) నుంచి సులువుగా ఊడే గొట్టమైతే ఊడదీయండి. నిపుల్‌ను దానికి సరిపోయే కీతో విప్పి విడిగా నానబెట్టండి. గొట్టం అడుగు భాగాన్ని బకెట్లో ముంచి, కడ్డీ చివర పాత నూలు పంచె ముక్క చుట్టి మూతి నుంచి దించండి. గుడ్డ బిగువుగా ఉండాలి, బలవంతంగా తోయాల్సినంత కాదు. కడ్డీని పైకి లాగితే నిపుల్ రంధ్రంలోంచి నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి, కిందికి తోస్తే బుడబుడమంటూ బయటికి చిమ్ముతాయి. పిల్లల హోలీ చిమ్మనగొట్టం గుర్తొస్తుంది. మొదటి నీళ్లు సిరాలా వస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. ఆ వాసన సల్ఫైడ్‌ది, అది వచ్చిందంటే ఉప్పు కరుగుతోందన్నమాట. నీళ్లు మార్చండి. నాకు మామూలుగా నాలుగో విడతకు నీళ్లు తేటపడతాయి. చివరిసారి సబ్బు లేని నీళ్లు.

కొన్ని తుపాకుల్లో అడుగున మందు గది గొట్టం కన్నా సన్నగా ఉంటుంది. పెద్ద గుడ్డ అక్కడికి చేరదు, పైన మెరుస్తుంటే అడుగున ఉప్పు పోగుపడుతుంది. సన్నని కడ్డీకి చిన్న పేలిక చుట్టి ఆ గదిని వేరే తుడవాలి.

ఆరబెట్టడంలో తొందర వద్దు. మూతి కిందికి వచ్చేలా గోడకు ఆనించి కాసేపు వదలండి, తర్వాత పొడి గుడ్డలు ఒకటి తర్వాత ఒకటి, తడి అంటనంత వరకు. గొట్టాన్ని పావుగంట ఎండలో పెట్టవచ్చు. కర్రను పెట్టకండి, చీలుతుంది.

గొట్టం పూర్తిగా ఆరాకే నూనె. వేరుశనగ నూనె ఇంట్లో ఉంది కదా అని మాత్రం రాయకండి. అది గాలి తగిలిన కొద్దీ చిక్కబడి జిగురవుతుంది. మిషన్ ఆయిల్ గానీ తుపాకులకు అమ్మే నూనె గానీ గుడ్డకు అద్ది, గుడ్డ జారిన జాడ మాత్రమే మిగిలేంత పల్చగా రాయండి. కర్రకు మాత్రం అవిసె నూనె రాయాలి. గాలికి గట్టిపడే గుణం ఇనుము మీద పీడ, కర్ర మీద రక్షణ. మళ్లీ పేల్చే ముందు గొట్టంలోని నూనె పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే మందు తడిసి టోపీ మాత్రమే పేలుతుంది.

మర్నాడు తెల్ల గుడ్డ దించి చూడండి, వారం తర్వాత మరోసారి. గుడ్డ మీద గోధుమరంగు మరక కనిపిస్తే కడిగింది చాలలేదు, మళ్లీ బకెట్ దగ్గరకు రండి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్లో అప్పగించి వచ్చే తుపాకికీ ఈ పరీక్ష తప్పదు. అప్పగించే ముందు రోజు నూనె కాస్త ఎక్కువే పట్టించండి, ఎన్ని నెలలు అక్కడ ఉంటుందో మన చేతిలో లేదు.

వచ్చే పాఠంలో సుత్తి, స్ప్రింగు ఉండే భాగాన్ని విప్పుదాం. అందాకా దాని మరల దగ్గరకు స్క్రూడ్రైవర్ తీసుకువెళ్లకండి. ఏ మరకు ఏది సరిపోతుందో ముందు చూపించాలి.