కారులో వాసనలు – 4వ పాఠం: కాయిల్ కడిగినా మళ్లీ వచ్చే ముక్కిన వాసన

ఏసీ వేయగానే పుల్లటి, ముక్కిన వాసన వస్తే కూలింగ్ కాయిల్ శుభ్రం చేసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: వారం బాగుంది, మళ్లీ మొదలైంది. అందుకని ఈసారి చెప్తానన్న పెట్రోలు వాసన సంగతి పక్కన పెడుతున్నాను. కారు లోపల పెట్రోలు గానీ సైలెన్సర్ పొగ గానీ వాసనేస్తుంటే మాత్రం ఆ పాఠం కోసం ఆగొద్దు. అద్దాలు దించి, బండి ఆపి, మెకానిక్‌ని పిలవండి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు, తలనొప్పితో మొదలై ప్రాణం తీస్తుంది.

ఇక మన సంగతి. కాయిల్ శుభ్రం చేసే స్ప్రే డబ్బాలోని నురగ ఎక్కడినుంచి కొట్టారు? ఎక్కువమంది డాష్‌బోర్డు మీద గాలి వచ్చే జాలీల్లోంచి కొట్టారు. అలా కొడితే కాయిల్‌కి అందేది దాదాపు ఏమీ ఉండదు. గాలి దారి ఒకసారి చూడండి. వైపర్ల కింది సందులోంచి లోపలికి వస్తుంది. దుమ్ము ఆపే ఫిల్టర్, గాలి తోసే ఫ్యాన్ అంటే బ్లోయర్ దాటుతుంది (ఏది ముందన్నది కారును బట్టి). కాయిల్‌కి తగిలి చల్లబడుతుంది. తర్వాత లోపలి మూతలు, మలుపులు తిరిగి మీ మొహం మీదికి వస్తుంది. జాలీ ఆ దారికి చిట్టచివర. అక్కడినుంచి ఎదురు కొట్టిన నురగ ఏదో ఒక మూత దగ్గర ఆగిపోయి, ఆ గొట్టంలోనే నిలిచి, ఉన్న చెమ్మకి ఇంకాస్త చెమ్మ కలుపుతుంది. పైగా దాని సెంటు రెండు మూడు రోజులు ఘుమఘుమలాడి, పని అయిపోయిందనిపిస్తుంది. ‘డబ్బా మీద బొమ్మలో అలాగే చూపించారండీ’ అని రాశారు కొందరు. బొమ్మ ఎలా ఉన్నా కాయిల్ ఉన్నచోటే ఉంటుంది. ఫిల్టర్ బయటికి తీసి, ఆ అరలోకి టార్చి వేయండి. దగ్గరదగ్గరగా సన్నటి అల్యూమినియం రేకులు కనిపిస్తే అక్కడినుంచి కొట్టండి. కనిపించకపోతే కిందినుంచి, కాయిల్ నీరు బయటికి కారే డ్రెయిన్ పైపులోకి సన్నగొట్టం ఎక్కించి కొట్టాలి. ఫిల్టర్ తీయకుండా కొట్టినవాళ్లు ఫిల్టర్‌ని తడిపారంతే. అది పారేసి కొత్తది వేయండి.

సరిగ్గా కొట్టినా వాసన తిరిగొచ్చిందంటే లోపల నీళ్లు ఎక్కడో నిలుస్తున్నాయి. బూజు చచ్చినా తడి ఉంటే వారంలో మళ్లీ పడుతుంది. నా దృష్టిలో ఈ వాసనకి మందు ఆరబెట్టడమే, డబ్బాలన్నీ దాని తర్వాతే.

మొదట డ్రెయిన్. కాయిల్ మీద పట్టిన నీరు ఒక సన్నటి పైపులోంచి కారు కింద బొట్లుబొట్లుగా కారిపోవాలి. విశాఖలో, కాకినాడలో మే నెలలో ఇరవై నిమిషాలు ఏసీ నడిపితే కింద చిన్న మడుగు కనిపించాలి. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది, బొట్టు పడకపోయినా కంగారుపడొద్దు, వానాకాలంలో చూడండి. పైపు మూసుకుపోతే మెత్తటి నైలాన్ తీగ పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఇనప తీగ వద్దు. టైర్ల షాపులో గాలి గట్టిగా కొట్టిస్తే లోపల పైపు ఊడిపోవచ్చు.

రెండోది కార్పెట్. ముందు ఎడమ సీటు దగ్గర కాళ్ల కింది మ్యాట్ తీసి, పాత టవల్ పరిచి, మోకాలితో బలంగా నొక్కండి. కార్పెట్ పైన పొడిగానే ఉంటుంది, దాని అడుగున మందపాటి స్పాంజి నెల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. టవల్ తడిస్తే ఆ నీళ్లు ఎక్కడివో చూడాలి. ఏసీ వాడినరోజు తడిస్తే డ్రెయిన్. వాన పడ్డాకే తడిస్తే వైపర్ల కింది సందులో ఆకులు పేరుకున్నాయి, లేదా డోర్ బీడింగో అద్దం బీడింగో కారుతోంది. తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దానికి లోపల జిగురు పొర పడుతుంటే అది నీళ్లు కాదు, హీటర్ కాయిల్లోంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. అది విషం, చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని ఆ సీట్లో కూర్చోబెట్టొద్దు, వెంటనే చూపించండి.

స్పాంజి ఆరాలంటే తలుపు కింద గుమ్మం మీది పట్టీ ఊడదీసి కార్పెట్ అంచు ఎత్తాలి. కింద ఒక చెక్కముక్క పెట్టి, తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. గంటా రెండు గంటలు చాలవు, రోజులు పడుతుంది. అడుగున వైర్లు ఉంటాయి, లాగి పీకొద్దు. వానాకాలంలో అంచులు లేచిన మందపాటి మ్యాట్లు నేను వేయను, తడిని కింద మూసి ఉంచుతాయవి.

ఇల్లు ఇంకో మూడు నిమిషాలుందనగా ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం గట్టిగా పెట్టి, బయటిగాలి మీటకి మార్చండి. లోపలిగాలి తిరిగే మీట ఎప్పుడూ నొక్కి ఉంచేవాళ్ల కారు కాయిల్ సరిగ్గా ఆరదు.

అభ్యాసం: వరుసగా పది రోజులు, పొద్దున్నే కారెక్కి ఓ నోటుబుక్కులో రాయండి. తలుపు తీయగానే ఏ వాసన, బ్లోయర్ ఒక్కటే వేస్తే ఏ వాసన, ఏసీ వేశాక ఏ వాసన, బయటిగాలికి మారిస్తే ఏమైంది, టవల్ తడిసిందా, ముందురోజు వాన పడిందా. తలుపు తీసిన మొదటి అర నిమిషంలోనే పసిగట్టాలి, ఆ తర్వాత ముక్కు అలవాటుపడిపోతుంది. వేలాడే సెంటు డబ్బా ఉంటే ఆ పది రోజులూ ఇంట్లో పెట్టండి. పది రోజులూ పూర్తయ్యాకే నాకు రాయండి.