చాంబర్ ఆర్కెస్ట్రా వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: కింది నుంచి వినడం

పోయిన పాఠంలో చాంబర్ ఆర్కెస్ట్రా (చిన్న పాశ్చాత్య వాద్యబృందం) తీగవాద్యాలైన వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ గొంతులను విడివిడిగా గుర్తుపట్టడం సాధన చేశాం. ఆ నాలుగింటిలో ఏది మోగుతోందో కళ్లు మూసుకుని చెప్పగలిగితే ఈ పాఠానికి మీరు సిద్ధం. ఇంకా తడబడుతుంటే మరో రెండు రోజులు 3వ పాఠంలోనే ఉండండి, తొందరేం లేదు.

మన చెవికి ఒక అలవాటు ఉంది. కచేరీలో గాయకుడి వెంటే వెళ్తాం. వయొలిన్ ఆ పాటనే నీడలా అనుసరిస్తుంది కాబట్టి రెండూ ఒకే దారిలో వినిపిస్తాయి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ వయొలిన్‌ను సోలో కచేరీ స్థాయికి తెచ్చినప్పుడు కూడా మనం విన్నది ఒక్క రాగధారనే. చాంబర్ ఆర్కెస్ట్రాలో అలా కాదు. ఒకే సమయంలో మూడు నాలుగు దారులు నడుస్తుంటాయి. పైన ఉన్న వయొలిన్ ఒక్కటే పట్టుకుంటే మిగతాదంతా వెనకాల హోరుగా మిగిలిపోతుంది. అందుకే ఇవాళ అడుగునుంచి, అంటే మంద్రంగా మోగే చెల్లో, బాస్‌ల నుంచి మొదలుపెడదాం.

దీనికి నేను ఎంచుకున్న బృందం లండన్‌కు చెందిన అకాడెమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్. దాని చరిత్ర తెలిస్తే, ఏం వినాలో సగం తెలిసినట్టే.

1958లో నెవిల్ మారినర్ అనే వయొలినిస్టు ఇంటి ముందుగదిలో కొంతమంది తీగవాద్య కళాకారులు కలిసి వాయించుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసకు పెద్ద. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది కానీ నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. రెండో వయొలిన్ అంటే పైపాట కాదు, నడిమి గొంతు. పాటను లోపలి నుంచి నిలబెట్టే పని. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్న మనిషి సొంత బృందం కట్టుకుంటే, అందులో నడిమి గొంతులు మరుగున పడవు.

పెద్ద ఆర్కెస్ట్రాలో ఒక వరుసలో పదిహేను మంది ఒకే స్వరం వాయిస్తారు. ముందు నిలబడ్డ కండక్టర్ చెయ్యి చూసి నడుస్తారు. ఈ చిన్న బృందంలో మొదట్లో కండక్టరే లేడు. మారినర్ వయొలిన్ వాయిస్తూనే కమాను కదలికతో, తల ఊపుతో దారి చూపేవాడు. మిగతావాళ్లు ఒకరినొకరు విని కలవాలి. చెల్లో కాస్త ఆలస్యమైతే దిద్దడానికి ఎవరూ ఉండరు. అందరి టెన్షన్ అందరిదీ, అందరి బాధ్యత కూడా అందరిదే.

ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనున్న సెయింట్ మార్టిన్ చర్చిలో సంగీత బాధ్యతలు చూసే జాన్ చర్చిల్ వీళ్లను అక్కడ వాయించమన్నారు. 1959 నవంబర్ 13న మొదటి కచేరీ జరిగింది. చర్చి పేరే బృందం పేరయింది. ఒకప్పుడు ఆ చర్చి నిజంగానే పొలాల మధ్య ఉండేది, పేరులోని ‘ఫీల్డ్స్’ అక్కడిదే. 1961లో తొలి రికార్డింగ్ చేశారు. తర్వాత రికార్డుల వల్లే ప్రపంచమంతా వాళ్ల పేరు పాకింది.

ఇక సాధనకు వద్దాం. 1969లో వీళ్లు ఆర్గో కంపెనీకి ఇటలీ స్వరకర్త వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’ రికార్డ్ చేశారు. నాలుగు ఋతువుల దృశ్యాలను వాద్యాలతోనే చూపించే నాలుగు రచనలవి. సోలో వయొలిన్ అలన్ లవ్‌డే. అందులో మొదటిదైన ‘స్ప్రింగ్’ (వసంతం) మాత్రం తీసుకోండి. మూడు భాగాలు, మొత్తం సుమారు పది నిమిషాలు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అందులో బాస్ దాదాపు వినపడదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

మొదటిసారి వినేటప్పుడు వయొలిన్లను పట్టించుకోకండి. చెల్లో, బాస్ మాత్రమే వినండి. మొదటి భాగం ఆరంభంలో అవి పైపాట కింద గట్టిగా అడుగులేస్తుంటాయి. ప్రతి వాక్యమూ ఒకసారి గట్టిగా, వెంటనే మెల్లగా వస్తుంది. ఆ రెండు వాక్యాలూ అయ్యాక పక్షుల కూతలు మొదలవుతాయి: సోలో వయొలిన్, దానికి తోడు మరో రెండు వయొలిన్లు. సరిగ్గా అక్కడ మీ చెల్లో ఎక్కడికి పోయింది? ఆగిపోయింది. వివాల్డీ కింది నేలను తీసేశాడు, అందుకే పక్షులు గాలిలో ఉన్నట్టు అనిపిస్తాయి. ఈ ఒక్క క్షణాన్ని పట్టుకోవడానికి నాకు మొదట్లో వారం రోజులు పట్టింది. అంతకుముందు ఎన్నోసార్లు విన్నా, పక్షులే వినపడ్డాయి కానీ కింద ఖాళీ వినపడలేదు.

మరోసారి వినండి. బాస్ ఆగిన ప్రతిచోటా, తిరిగి వచ్చిన ప్రతిచోటా వేలు ఎత్తండి. ఉరుములు వచ్చేచోట అది ఎలా కదులుతుందో ప్రత్యేకంగా చూడండి.

రెండో భాగంలో బాస్ అసలు లేదు. నిద్రపోతున్న మేకల కాపరి సోలో వయొలిన్, ఆకుల గలగల మిగతా వయొలిన్లు. అడుగున వినిపించేది వయోలా, రెండేసి దెబ్బలుగా. అది కాపలా కుక్క మొరుగుడు! ఈ రచనతో పాటు అచ్చయిన పద్యంలోనే ఆ కుక్క ఉంది. వయోలాను గట్టిగా, కోసినట్టు వాయించమని వివాల్డీ రాశాడు. చాలామంది కుక్కను మర్యాదగా మొరిగిస్తారు. మీ దగ్గర వేరే బృందం రికార్డింగ్ కూడా ఉంటే, ఎవరి కుక్క ఎలా మొరుగుతోందో పోల్చి చూడండి. బృందాల మధ్య తేడా వినడానికి ఇంతకంటే తేలికైన చోటు నాకు తెలియదు.

మూడో భాగం మనకు సొంత ఇంటికి వచ్చినట్టుంటుంది. పల్లె నాట్యం, తిత్తివాద్యాన్ని అనుకరిస్తూ కింది తీగలు ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచుతాయి. మన శ్రుతిపెట్టె చేసే పనే. తంబురా శ్రుతికి అలవాటు పడ్డ చెవి దీన్ని వెంటనే పట్టేస్తుంది. ఆ శ్రుతి వదిలేసి బాస్ మళ్లీ నడక మొదలుపెట్టే చోటు కనుక్కోండి.

రోజుకు ఒకసారి చొప్పున ఐదు రోజులు ఇలా చేయండి. ఆరో రోజు మామూలుగా, అన్నీ కలిపి వినండి.

ఈ బృందం తర్వాత పెరిగింది. గాలివాద్యాలు చేరాయి, రచనలు పెద్దవయ్యాయి. కండక్టర్ పియర్ మాంట్యూ ప్రోత్సాహంతో మారినర్ వయొలిన్ కింద పెట్టి ముందు నిలబడ్డాడు. కూర్చుని నడిపించే సంప్రదాయాన్ని 1974 నుంచి అయోనా బ్రౌన్ అందుకుంది. 1984లో స్వరకర్త మోజార్ట్ కథతో వచ్చిన ‘అమెడియస్’ సినిమాకు వాయించింది వీళ్లే. మోజార్ట్ రాసిన ఒక్క స్వరం కూడా మార్చకూడదన్న షరతుతో మారినర్ ఒప్పుకున్నాడు. 2011లో జాషువా బెల్ సంగీత దర్శకుడై, మళ్లీ వయొలిన్ చేతపట్టి కుర్చీలోంచే నడిపిస్తున్నాడు. మారినర్ 2016లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ సినిమా మొదట్లో వినిపించే మోజార్ట్ 25వ సింఫనీ వచ్చే పాఠానికి. పదిహేడేళ్ల వయసులో రాశాడు. మొదటి పది సెకన్లలో వయొలిన్లు తాళం మీద పడకుండా దాని పక్కన పడుతుంటాయి. ఈలోపు వింటూ చేత్తో తాళం వేసి చూడండి, మీ చెయ్యి ఎక్కడ తడబడిందో గుర్తుపెట్టుకుని రండి.