పాత షాట్‌గన్‌లో ఉక్కు తూటా: బాతుల సీజన్‌కు ముందే తేల్చుకోవలసిన సంగతులు

తూటా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా పెట్టే అరలో, పట్టింది కదా అని పాత షాట్‌గన్‌ను నమ్మవద్దు. బాతుల వేట సీజన్ దగ్గరపడగానే అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో కొందరు, పొరుగింటి పెద్దాయన ఇచ్చిన తుపాకీనో పాత సామాన్ల వేలంలో కొన్నదానినో బయటకు తీస్తారు. అది 1950లలోనో అంతకు ముందో తయారైనదైతే, చేసినవాళ్ల దృష్టిలో ఉన్నవి తూటాలో నింపే సీసపు పెల్లెట్లే, అంటే చిన్న గుండ్లే. ఇప్పుడు బాతుల వేటకని దుకాణంలో అమ్మే పెట్టెల్లో ఎక్కువగా ఉండేది ఉక్కు. ఈ తుపాకీకి ఆ తూటా సరిపడుతుందా లేదా అన్నది ఇంట్లో, మంచి వెలుతురులో, ఖాళీ తుపాకీని బల్ల మీద పెట్టుకుని తేల్చుకోవాలి. తెల్లవారుజామున చలిలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆలోచించే విషయం కాదిది.

పాత తుపాకీ కాబట్టి పాత సీసం తూటాలే వాడుకుంటే పోతుంది కదా అని కొందరికి అనిపిస్తుంది. అది కుదరదు. 1991 నుంచి అమెరికా అంతటా బాతులు, పెద్దబాతుల వేటలో సీసం నిషిద్ధం. కాల్చకపోయినా, వేటలో ఉండగా జేబులో సీసం తూటా దొరికితే నేరమే. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి తుపాకీతో చేసే ఏ వేటలోనూ సీసం వాడరాదు. ఈ నిషేధం వెనుక బలమైన కారణం ఉంది. బాతులు మేత నూరుకోవడానికి చిన్న రాళ్లను మింగి కందనకాయలో దాచుకుంటాయి. చెరువు అడుగున పడి ఉన్న సీసపు పెల్లెట్లను కూడా అలాగే మింగేస్తాయి. కందనకాయలో సీసం అరిగి రక్తంలో చేరుతుంది. ఆ బాతును తిన్న గద్దకూ విషం ఎక్కుతుంది. ఈ నిబంధనను తప్పించుకునే దారి వెతకడం నా దృష్టిలో వేటగాడికి తగని పని.

ఇక గొట్టంలో ఏం జరుగుతుందో చూద్దాం. షాట్‌గన్ గొట్టం చివర కాస్త ఇరుకుగా ఉంటుంది. దానినే చోక్ అంటారు. కొత్త తుపాకీలలో చాలావరకు దాన్ని మరతో విప్పి మార్చుకోవచ్చు. పాతవాటిలో అది గొట్టంతోపాటే తయారైపోయి ఉంటుంది, మార్చడానికి ఉండదు. మెత్తటి సీసం ఆ ఇరుకులో చింతపండు ముద్దలా నలిగి, ఒదిగి బయటపడుతుంది. ఉక్కు నలగదు, కాబట్టి దారి ఇవ్వవలసింది గొట్టమే. పాత గొట్టాల లోహం మెత్తన, కొన్నిటి గోడలు పలచన. ఫలితంగా చోక్ మొదలయ్యే చోట గొట్టం చుట్టూ ఉంగరంలాంటి ఉబ్బు వస్తుంది. జంట గొట్టాల తుపాకీలలో రెండింటినీ పట్టి ఉంచే అతుకు కూడా వదిలిపోవచ్చు. సాధారణంగా గొట్టం వెంటనే పేలిపోదు. పది తూటాలు కాల్చినా ఏమీ కాలేదన్న ధైర్యం అందుకే పనికిరాదు, నష్టం మెల్లగా పేరుకుంటుంది. ఉక్కు తూటాల్లో పెల్లెట్లు గొట్టాన్ని తాకకుండా మందమైన ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. అది లోపలి గీతలను ఆపుతుంది గానీ చోక్ దగ్గరి ఒత్తిడిని ఆపలేదు.

అందుకని మొదట తెలియవలసింది మీ చోక్ ఎంత ఇరుకు అన్నది. గొట్టం మీద ఫుల్ అనో మాడిఫైడ్ అనో ముద్ర ఉండవచ్చు. బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ తుపాకీల మీద అక్షరాలకు బదులు నక్షత్రం (*) గుర్తులు ఉంటాయి. ఒక్క గుర్తు ఉంటే అన్నిటికన్నా ఇరుకైన ఫుల్ చోక్, రెండు ఉంటే మధ్యరకం ఇరుకున్న మాడిఫైడ్, మూడు ఉంటే ఇరుకు లేని గొట్టం. గుర్తులు పెరిగే కొద్దీ ఇరుకు పెరుగుతుందనుకుని పొరబడడం తేలిక. అయినా ముద్రనే నమ్మి ఊరుకోకండి. చేతులు మారిన తుపాకీలో ఎవరో గొట్టం కోసి ఉండవచ్చు, లోపల తొలిచి ఉండవచ్చు.

పది సెంట్ల నాణేన్ని గొట్టం కొసలో పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. నాణెం వెడల్పు 0.705 అంగుళాలు. 12 గేజ్ అనే సైజు గొట్టం లోపలి కొలత పుస్తకాల ప్రకారం 0.729. నాణెం లోపలికి పోలేదంటే ఇరుకు ఎక్కువని అనుమానించడానికి మాత్రం ఆ పరీక్ష సరిపోతుంది. పోయిందంటే క్షేమమని కాదు. చోక్ అంటే గొట్టం నడిమి కొలతకూ కొస కొలతకూ మధ్య తేడా. నడిమి కొలత తుపాకీ తుపాకీకీ మారుతుంది. కాబట్టి తుపాకీలు బాగుచేసే నిపుణుడి దగ్గరకు వెళ్లండి. ఆయన దగ్గర ఉండే కొలత సాధనంతో నిమిషాల్లో తేలిపోతుంది. గోడ మందం కూడా అప్పుడే కొలిపించండి. జంట గొట్టాలైతే రెండూ వేరువేరుగా కొలవాలి. సాధారణంగా ఒకటి రెండో దానికన్నా ఇరుకుగా ఉంటుంది.

ఫుల్ చోక్ ఉన్న పాత గొట్టంలో ఉక్కు వద్దే వద్దు. మాడిఫైడ్ గానీ అంతకన్నా వెడల్పు గానీ ఉండి, గొట్టం దృఢమైనదని నిపుణుడు చెప్పి, తయారీ సంస్థ అభ్యంతరం పెట్టకపోతేనే ఉక్కు గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా పెద్ద పెల్లెట్ల జోలికి పోవద్దు, చోక్ దగ్గర ఒకదానికొకటి అడ్డుపడేవి అవే. ఇందులో వేటగాడికి పెద్ద నష్టం లేదు. ఉక్కు పెల్లెట్లు నలగవు గనుక తక్కువ ఇరుకులోనే దగ్గరదగ్గరగా వెళతాయి.

తయారీ సంస్థ మాట తీసివేయదగినది కాదు. బెల్జియంలో చేసిన ఆటో-5, సూపర్‌పోజ్డ్ తుపాకీలలో ఉక్కు వాడవద్దని బ్రౌనింగ్ సంస్థే స్పష్టంగా చెబుతోంది. వాటిలో చోక్ ఏదైనా సరే, చర్చ అక్కడితో ముగిసింది. ఇనుప, ఉక్కు తీగలను మెలిపెట్టి అతికించి చేసిన డమాస్కస్ గొట్టాలు కొన్ని పాత తుపాకీలకు ఉంటాయి. పైన అలలలాంటి చారలు కనిపిస్తాయి. వాటిలో ఉక్కే కాదు, ఏ ఆధునిక తూటా కాల్చడానికీ నేను ఒప్పుకోను. గోడకు తగిలించుకోవడానికి అవి ఎంతో అందంగా ఉంటాయి.

చోక్ కన్నా ఎక్కువమంది మరిచిపోయేది ఛాంబర్ పొడవు. తూటా పెట్టె మీద రాసే పొడవు కాల్చిన తరువాతిది. మడత పెట్టిన మూతి విప్పుకున్నాక తూటా అంత పొడవవుతుంది. పాత తుపాకీలలో రెండున్నర అంగుళాల ఛాంబర్లు ఉండేవి. రెండుముప్పావు అంగుళాల తూటా అందులో సులువుగానే దూరుతుంది, తలుపూ మూసుకుంటుంది. కాల్చినప్పుడు మాత్రం మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మూడు అంగుళాల తూటాతో అపాయం ఇంకా ఎక్కువ. పొడవు ముద్ర కనిపించకపోతే దీన్ని కూడా కొలిపించాల్సిందే.

ఉక్కు సరిపడదని తేలితే తుపాకీని మూలన పడేయనక్కరలేదు. బిస్మత్ అనే లోహపు పెల్లెట్లున్న తూటాలు ఉన్నాయి. చట్టం వాటిని అనుమతిస్తుంది, పెల్లెట్లు మెత్తగా ఉంటాయి, సీసం కన్నా కొంచెమే తేలిక. టంగ్‌స్టన్ లోహపు పొడిని ప్లాస్టిక్‌తో కలిపి చేసినవీ మెత్తనివే. ధర ఉక్కుకు ఎన్నో రెట్లు ఉంటుంది, అది నిజం. కానీ సీజన్‌కు కాల్చే తూటాల ఖర్చును పాడైన గొట్టం ఖర్చుతో, ఆ గొట్టం కింద పట్టుకునే మీ ఎడమ చేతి వేళ్లతో పోల్చి చూడండి. టంగ్‌స్టన్ పేరున్నవన్నీ మెత్తనివి కావు, కొన్ని ఉక్కు కన్నా గట్టివి. పెట్టె మీద పాత తుపాకీలకు తగినదని రాసి ఉంటేనే తీసుకోండి. బిస్మత్ వాడినా ఛాంబర్ పొడవు నియమం మారదు. చోక్‌ను తొలిపించి వెడల్పు చేయించడం మరో దారి. గోడ మందం చాలినప్పుడే, అనుభవమున్న చేతితోనే చేయించాలి. అరుదైన తుపాకీ అయితే విలువ పడిపోతుంది, కాబట్టి నేనైతే బిస్మత్‌కే డబ్బు పెడతాను.

గరాజ్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న ఉక్కు తూటాలను విడిగా చూడండి. తడి తగిలితే లోపలి పెల్లెట్లు తుప్పుపట్టి ఒకే ముద్దగా అతుక్కుంటాయి. ఆ ముద్ద చోక్‌లోంచి దూరాలంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తుప్పు మరక కనిపించినా, ఊపితే గలగల వినిపించకపోయినా వాడవద్దు. పెట్టె పోయిన విడి తూటాల్లో ఏముందో తెలియకపోతే ప్లాస్టిక్ భాగానికి అయస్కాంతం ఆనించండి, ఉక్కయితే అంటుకుంటుంది. ఇంట్లో తూటాలు నింపుకునేవారు సీసం తూటాలకు చెప్పిన కొలతలతో, వాటికి వాడే ప్లాస్టిక్ గిన్నెలతో ఉక్కును ఎప్పుడూ నింపకూడదు.

ఉక్కు పెల్లెట్లు రాళ్లమీద, మంచుగడ్డమీద, నీటిమీద తగిలి ఎటో ఒకవైపు ఎగురుతాయి. కళ్లద్దాలు తప్పనిసరి, తోటివారికీ పెట్టించండి. వండేముందు మాంసంలో వేలితో తడిమి పెల్లెట్లు తీసేయండి, బాతు పులుసులో అది పంటికింద పడితే పన్ను విరుగుతుంది.

హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలో ఉన్నవారికి అమెరికా ఫెడరల్ చట్టం తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్నే మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. మిత్రుడి తుపాకీ అరువు తీసుకునే ముందే న్యాయవాదిని అడగండి. వలస పక్షుల వేటలో తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. పాత పంప్ తుపాకీలలో అందుకు పెట్టే కట్టె ముక్కను ఎవరో తీసేసి ఉంటారు, విప్పి చూసుకోండి.

సీజన్ నడుస్తుండగా ప్రతి వేట తరువాత తుపాకీ ఖాళీ చేసి, గొట్టం విప్పి దీపానికి ఎదురుగా పట్టి లోపల చూడండి. నల్లటి వలయంలాంటి నీడ కనిపిస్తే ఉబ్బు మొదలైనట్టే. బయట కొస నుంచి ఆరు అంగుళాల మేర వేళ్లతో మెల్లగా నిమిరితే కంటికి కనిపించనిదీ తగులుతుంది. జంట గొట్టాలను వేలికి వేలాడదీసి గోటితో మీటండి. గంటలా మోగాల్సింది పగిలిన శబ్దం చేస్తే అతుకు వదిలింది. వీటిలో ఏది కనిపించినా, మరునాడే వేట ఉన్నా సరే, నిపుణుడు చూసేదాకా అందులో ఇంకొక్క తూటా కూడా పెట్టవద్దు.